పక్క క్యాబిన్‌లో చప్పుడు

దసరాకి రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వచ్చిన రమణబాబు, తిరిగి వెళ్లేముందు తల్లికి ఉపకారం చేద్దామనుకున్నాడు. ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని పాత విండోస్ ఎక్స్‌పీ తీసేసి విస్టా ఎక్కించాడు. కొత్త రంగులు చూపించి, "ఇక హాయిగా వాడుకో అమ్మా" అని రైలెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అచ్చియమ్మ ఎప్పటిలాగే ఇంటర్నెట్‌లో దాడి కాయల ఆట తెరిచింది. పలక రాలేదు. పలక ఉండవలసిన చోట బూడిదరంగు గడి, దాని మధ్యలో ఇంగ్లీషు ముక్కలు రెండు. కొడుక్కి ఫోన్ చేస్తే, "దాని ప్లగిన్ కొత్తదాంట్లో నడవదమ్మా, ఆట చేసినోళ్లు మార్చలేదు. పేకముక్కలాట పెడతాలే, టైంపాస్ బాగుంటాది" అన్నాడు. టైంపాసట!

వాడికి తెలియనిది మనకు తెలుసు. రెండేళ్ల కిందట కూతురు ప్రత్యూష సర్కండా పేట కుర్రాణ్ణి రిజిస్టరు పెళ్లి చేసుకుని అర్పా నది దాటి వెళ్లిపోయిన రోజున, గూడ్సు గార్డు సూర్యం ఆ పిల్ల కళ్లెదుటే భార్య అచ్చియమ్మ చేతిని తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించాడు. కూతుర్ని చూడకూడదు, కూతురితో మాట్లాడకూడదు, ఫోను ముట్టకూడదు. తప్పితే ఏమవుతుందో చెప్పలేదు. చెయ్యి ఎవరి నెత్తి మీద ఉందో అచ్చియమ్మకి తెలుసు కాబట్టి చెప్పక్కర్లేదు. అయితే ఆ ఒట్టులో ఆడకూడదన్న మాట లేదు. పలకకి ఇటు తల్లి, అటు కూతురు. చెరి తొమ్మిది కాయలు. పక్కన మాటలు రాసుకునే గడి ఉన్నా ఆవిడ ఒక్క అక్షరం కొట్టలేదు, ఒట్టు సంగతి తెలిసిన కూతురూ కొట్టలేదు. కూతురు బతికుంది, తిన్నది, మూడింటికి కాసేపు కూర్చోగలిగింది. ఈ మూడు సంగతులూ ఆ కాయలే చెప్పేవి. ఎనిమిది రోజులుగా అవీ లేవు.

తొమ్మిదో రోజున సూర్యానికి రెస్ట్. భోజనం చేసి, చొక్కా మార్చుకుని, "యూనియన్ ఆఫీసు దాకా ఎల్లొస్తాను" అని బయల్దేరాడు. ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా ఆగి, అచ్చియమ్మ ఇంటికి తాళం వేసింది. తోర్వా పేటలో సాహూ నెట్ కేఫ్‌లో ఇంకా పాత కంప్యూటర్లే ఉన్నాయని ఇస్త్రీ అతను చెప్పాడు. ఆవిడ అక్కడికి ఎన్నడూ వెళ్లలేదు. చెంగు భుజం నిండా కప్పుకుని, ఎండలో నడిచి వెళ్లింది.

అది కేఫ్ అంటే కేఫే. అటు ఇటు ప్లైవుడ్ చెక్కలు కొట్టి ఆరు గూళ్లు చేసి, ముందు పూల కర్టెన్లు కట్టాడు సాహూ. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని చెప్పులు గుమ్మం బయటే విప్పించేవాడు. అచ్చియమ్మ గాభరాలో తన చెప్పులు ఎక్కడ విప్పిందో కూడా చూసుకోలేదు. రవికలోంచి మడతలు పడిన కాయితం తీసి అతని ముందు పెట్టింది. ప్రత్యూష వెళ్లిపోయే ముందు ఆట సైటు పేరు, తల్లి పేరు ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాయితం.

సాహూ కాయితం చూసి, ఎందుకో ఒకసారి మూడో క్యాబిన్ వైపు చూశాడు. "అచ్ఛా, యే వాలా గేమ్. పాస్‌వర్డ్ క్యా హై, ఆంటీజీ?"

"బీ దో సౌ చౌదహ్" అంది. బి 214, క్వార్టర్ నెంబరు. రైల్వే కాలనీలో ఇదొక సుఖం. ఎవరింటి నెంబరు తెలిస్తే వాళ్ల పాస్‌వర్డు తెలిసినట్టే. తాళంచెవి తీసుకెళ్లి తలుపుకే వేలాడదీసే బాపతు జనం. ఆ సుఖమే తన కొంప ముంచిందని అప్పటికి అచ్చియమ్మకి తెలియదు.

నాలుగో క్యాబిన్‌లో కూర్చోబెట్టి, ఆట తెరిచిచ్చి సాహూ వెళ్లిపోయాడు. పలక వచ్చింది! ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, అవే గీతలు, అదే పసుపు రంగు. అటువైపు కూతురి పేరు. ఆ పేరు ఆకారం ఆవిడకి కంఠతా వచ్చు. కింద మూలన చిన్న కన్ను బొమ్మ, పక్కన ఒకటి అంకె. ఏడాదిగా అక్కడే ఉంది. మిషన్ తాలూకు ఏదో గుర్తనుకుని దాన్ని ఆవిడ పట్టించుకోలేదు. అచ్చియమ్మ రెండు చేతులూ చీరకి తుడుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంట వచ్చింది, తన పిల్ల. ఎనిమిది రోజులుగా తల్లి కనబడకపోయినా మూడింటికి వచ్చి కూర్చునే ఉంది.

మొదటి కాయ మూల మీద పెట్టింది. టక్ మంది. తన దగ్గర కాదు, చెక్కకి అవతల.

ఎవరో ఏదో నొక్కుతున్నారులే అనుకుంది. అవతలి కాయ పడింది. ఈసారి తన స్పీకర్‌లో టక్ మంది. మళ్లీ తను పెట్టింది, మళ్లీ చెక్కకి అవతల టక్. మూడోసారి పెట్టబోయి చెయ్యి ఆపింది. పక్క క్యాబిన్ నిశ్శబ్దం. పెట్టింది. టక్. అటు కాయ ఒకటి తప్పు చోట పడింది, తనకి మూడు ఒక వరసలో కుదిరాయి. దాడి కట్టింది. గంట లాంటి చప్పుడు రెండు క్యాబిన్లలోనూ ఒకేసారి మోగింది. ఆవిడ అవతలి కాయ ఒకటి తీసేసింది.

"తస్సదియ్యా!" అంది పక్క క్యాబిన్.

అచ్చియమ్మ కదల్లేదు. ముప్పై ఏళ్లుగా పేకలో ముక్క పడకపోయినా, గూడ్సు సిగ్నల్ దగ్గర ఆగిపోయినా, పులుసులో ఉప్పెక్కువైనా వింటున్న మాట అది. కుర్చీలోంచి లేచి, కర్టెన్ తొలగించుకుని రెండడుగులు వేసి, మూడో క్యాబిన్ కర్టెన్ లాగేసింది.

లోపల కళ్లజోడు ముక్కు చివరికి జారి, మౌసు రెండు చేతులతో పట్టుకుని సూర్యం కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు తెర మీద అదే పలక, తలకిందులుగా. కూతురి పేరు ఆయన వైపు ఉంది. తన పేరు అవతల ఉంది.

"యూనియన్ ఆఫీసు సల్లగా ఉందండి" అంది అచ్చియమ్మ.

సూర్యం లేవబోయి కూలబడ్డాడు. "నువ్వు... ఇక్కడికెందుకొచ్చినావు?"

"ఇంట్లో ఆట పోయింది. మీ కొడుకు కొత్తదేటో ఎక్కించి దీన్ని సంపేసినాడు."

"అదా!" ఆయన ముఖం విచ్చుకుంది, పాపం, ఒక్క క్షణం. "అదా సంగతి! నేనింకేటో అనుకున్నాను. ఎనిమిది రోజులబట్టి నువ్వు రాకపోతే, ఒంట్లో బాగోనేదా, నాకు తెలీకుండా గుంట దగ్గరికి పోతన్నావా అని... అడుగుదామంటే నాకు నోరేదీ?"

"ఎనిమిది రోజులూ వచ్చి కూకున్నారా?"

"డ్యూటీ నేని రోజులన్నీ కూకున్నాను."

డ్యూటీ లేని రోజులు! అచ్చియమ్మకి వంటింటి గోడ మీద క్యాలెండరు కళ్ల ముందు కదిలింది. గార్డు పెళ్లాలందరిలాగే ఆవిడా ప్రతి తారీఖు మీదా పెన్సిలుతో, ఆయన బండి మీదుంటే లైన్ అనో, ఇంట్లో ఉంటే రెస్ట్ అనో రాసుకుంటుంది. మొదటి ఏడాది ఆయన లైన్ మీద ఉంటేనే ఆట. తర్వాత తలకిందులైంది. ఆయన లైన్ మీద ఉంటే కూతురు రాదు, రెస్టయి ఊళ్లోకి వెళితే వస్తుంది. తన చేత్తో రాసిన క్యాలెండరు ఏడాదిపాటు మొహం మీదే చెబుతుంటే, ఆయన బయటికి వెళ్లినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుందే గాని, ఇంత చిన్న సంగతి తట్టలేదు తనకి.

"ఎన్నాళ్లబట్టి?"

"పోయిన కార్తీకం నుంచి."

"గుంట ఏది మరి?"

సూర్యం తల దించుకున్నాడు. "రావడం మానీసింది. ఆరు రోజులు నువ్వు ఆ పెట్టె ముందు ఒక్కదానివే కూకున్నావు. అన్నం ముట్టనేదు. ఏటయింది అంటే తలనొప్పి అన్నావు. నాకు సూడబుద్ధి కానేదు. అందుకని... దాని పేరు మీద నేనొచ్చినాను. ఏటి తప్పు? నువ్వు తిన్నావా నేదా?"

అవును, తింది. ఏడో రోజున అటువైపు పేరు వెలగగానే, కంచం నిండా పెట్టుకుని తింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అచ్చియమ్మ మనసు కరిగిపోబోయింది. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప మరోటి చేతపట్టని మనిషి, తన కోసం ఈ ప్లైవుడ్ గూట్లో కూర్చుని మౌసు తిప్పడం నేర్చుకున్నాడు. ఆడితే ఓడిపోతాడు కూడా. ఆ కరిగేదేదో పూర్తిగా కరిగిపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. కాని ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది.

"దాని పేరుతో తలుపెలా తీసినారు?"

"అందరికీ ఒకటే కదా పాస్‌వర్డు. మన క్వార్టర్ నెంబరు."

"ఇప్పుడూ అదేనా?"

పలికింది సాహూ. కౌంటర్ దగ్గర కూర్చుని తెలుగు అర్థం కాకపోయినా పాస్‌వర్డు, క్వార్టర్ అన్న మాటలు పట్టుకున్నాడు. సాయం చేద్దామనే పాపం నోరు విప్పాడు. "నహీ ఆంటీజీ, వో తో బదల్ దియా థా. అంకుల్‌జీనే ఖుద్ బదల్‌వాయా. బోలే, లడకీ సే న ఖులే. పిఛ్‌లే సాల్, దీవాలీ కే పహ్లే."

ముప్పై ఏళ్లు బిలాస్‌పూర్‌లో కాపురం చేసినావిడకి ఆ హిందీ అర్థం కాకపోవడానికి లేదు. పాస్‌వర్డు మార్పించింది ఆయనే. కూతురికి తెరుచుకోకూడదని. కిందటేడు దీపావళికి ముందు. ఆ దీపావళి మధ్యాహ్నం ప్రమిదలు కడిగి ఆరబెట్టి, మూడింటికి వచ్చి కూర్చుంటే కూతురు రాలేదు. ఆరు రోజులు అక్కణ్ణుంచే మొదలు.

"అంటే గుంట మాననేదు" అంది అచ్చియమ్మ నెమ్మదిగా. "మీరే తలుపేసినారు. తలుపేసీసి, నేను తిండి మానీసరికి, దాని ఏషం కట్టుకుని మీరొచ్చినారు."

"కోపంలో సేసినాను" అన్నాడు సూర్యం. "ఆ రోజు నా గూడ్సు క్యాన్సిలయింది. పెందలకడే ఇంటికొచ్చినాను. కిటికీలోంచి సూస్తే నువ్వు నవ్వుతన్నావు. ఆ పెట్టెలో దాని పేరు సూసి. అది ఎల్లిపోయింది మొదలు నా మొహం సూసి ఒక్కసారన్నా అలా నవ్వినావా? నాకు ఒళ్లు మండింది. ఇక్కడికొచ్చి మార్పించీసినాను."

"మండింది. సరే. ఆరు రోజులకి సల్లారింది కదా? సల్లారినాక ఆ తలుపు తిరిగి తీసీవచ్చు కదండీ? దాని పాస్‌వర్డు దానికిచ్చీవచ్చు కదా?"

"ఎలా తీస్తాను? తీస్తే మూసింది నేనేనని తెలిసిపోద్ది. దాని ముందు ఓడిపోయినట్టు కాదా?"

"ఏడాదిబట్టి నా సేతిలో ఓడిపోతానే ఉన్నారు. దానికి సిగ్గు నేదు గానీ, కన్నకూతురి ముందు ఓడిపోడానికొచ్చిందా సిగ్గు?"

మొదటి క్యాబిన్‌లో రిజల్టులు చూసుకుంటున్న పిల్లలు కర్టెన్ ఎత్తి చూశారు. అచ్చియమ్మకి ఆ సంగతే పట్టలేదు. గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు. ఏడుపు వస్తే బాగుండునని ఆవిడకే అనిపించింది. "అది తిన్నాదని నేను తిన్నాను. అది బాగున్నాదని నేను నిద్రపోయినాను. ఏడాది! నదికి అవతల అది ఉన్నాదో నేదో నాకు తెలీదు. నేను మీతో ఆడుకుంటా నవ్వుకుంటా కూకున్నాను. అదేటనుకుని ఉంటాది? అమ్మ కూడా ఒగ్గీసిందనుకోదా?"

అంతలో తెర మీద చిన్న గంట మోగింది. ఆట గంట కాదది. పక్కన మాటలు రాసుకునే ఆ గడి, రెండేళ్లుగా తెల్లగా ఉన్న గడి, అందులో ఇంగ్లీషు అక్షరాల వరస ఒకటి వచ్చి కూర్చుంది. దాని కింద రెండోది. ఆ కింద మూడోది.

"ఎవరది?" అంది అచ్చియమ్మ. "ఆడతన్నది మనిద్దరమే కదా?"

సాహూ లేచి వచ్చి తెర మీదకి వంగి, మూలనున్న కన్ను బొమ్మ మీద వేలు పెట్టాడు. "యే దేఖ్‌నే వాలా హై, ఆంటీజీ. కోయీ ఆప్‌లోగోం కా గేమ్ దేఖ్ రహా హై. రోజ్ దేఖ్‌తా హై."

చూసేవాళ్లు. రోజూ. ఆ ఒకటి అంకె. తన పేరు మీద తను లోపలికి రాలేక, వేరే పేరు పెట్టుకుని, బయట నిలబడి చూస్తోంది. అమ్మకి ఎదురుగా తన పేరుతో కూర్చున్నది ఎవరో తెలిసే చూస్తోంది. ఆ నెంబరు తెలిసి, తనని బయటికి నెట్టాలనుకునేవాడు ఇంకెవడుంటాడు? ఏడాదిపాటు అమ్మా నాన్నా ఆడుకోవడాన్ని చూస్తూ కూర్చుంది.

మొదటి వరసలో మొదటి నాలుగు అక్షరాలు ఆవిడ చదవగలదు. కూతురు నేర్పిన ఇంగ్లీషు అంతే. అమ్మ. ఆ తర్వాత ఆవిడకి చీమలబారే.

"సదవండి" అంది.

సూర్యం చదివాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్లీ చదివాడు. "బాగున్నానని రాసింది."

"బాగున్నానని సెప్పడానికి మూడు వరసలెందుకు?" అచ్చియమ్మ వెనక్కి తిరిగింది. "భయ్యా, జరా పఢ్ దేనా."

సాహూకి తెలుగు రాదు గాని ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. అర్థం తెలియకుండానే కూడబలుక్కున్నాడు. "అమ్మా... మేము... ఈ రోజు..."

సూర్యం అరచెయ్యి చటుక్కున తెర మీద పడింది. "ఒగ్గీ. నేనే సదువుతాను." చెయ్యి తీసి, వేలితో వరసలు దిద్దుకుంటూ చెప్పాడు. "బిలాస్‌పూర్ ఒగ్గీసి పోతన్నారట. నాలుగుంపావు బండికి. ఇక రారట. ఎనిమిది రోజులబట్టి నువ్వు కనపడకపోతే, సెప్పకుండానే పోవాల్సొస్తాదని భయపడిందట. స్టేషన్ ఎదర కేఫ్‌లోంచి రాస్తంది."

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. తోర్వా నుంచి స్టేషన్‌కి ఆటోలో పది నిమిషాలు, రైల్వే గేటు పడితే ఎంతో ఎవరూ చెప్పలేరు. అచ్చియమ్మ చెంగు నడుంలో దోపుకుంది.

"ఆగు!" సూర్యం లేచి అడ్డం వచ్చాడు. రెండేళ్ల కిందట ఆవిడ చేతిని పెట్టించుకున్న నెత్తి మీద ఇప్పుడు తన చెయ్యే పెట్టుకున్నాడు. "ముందు ఆ ఒట్టు తీసీ. తీసి గట్టు మీద పెట్టానను. అప్పుడు ఎల్దువు గాని."

అచ్చియమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చెప్పుల్లేని కాళ్లు.

"తియ్యను" అంది. "తప్పుతాను. తప్పితే మీకేటవుతాదో అని రెండేళ్లు సచ్చినాను. ఈ రోజు నాకు ఆ భయం నేదు."

సాహూ పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ గుమ్మం దాటింది, చెప్పులు వేసుకోలేదు. ఆటో కోసం కేకేసిన గొంతు, ఆటో ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు సూర్యానికి ఒకదాని తర్వాత ఒకటి వినిపించాయి. చెయ్యి ఇంకా నెత్తి మీదే ఉంది.

వెనక చిన్న గంట మోగింది. ఆయన తిరిగి చూశాడు. గడిలో నాలుగో వరస వచ్చి ఉంది. అందులో మొదటి మాట అమ్మ కాదు.

నాన్న.